అంకమ్మ చేసిన చేదు ఉప్పు

అనగనగా ఓ ఉప్పుమళ్ళ ఊరు. దుప్పటి కప్పుకున్నావా తల్లీ? ఇక ఊఁ కొడుతూ విను.

ఆ ఊరికి ఓ పక్క సముద్రం, ఇంకో పక్క అద్దాలు పరిచినట్టు ఉప్పుమళ్ళు. సముద్రపు నీళ్ళు కాలవలో నడిచి మళ్ళలోకి వస్తాయి. ఎండకు చిక్కబడతాయి. చిక్కబడి చిక్కబడి, అడుగున తెల్లగా ఉప్పురాళ్ళు పేరుకుంటాయి.

ఆ ఊళ్ళో ఈశ్వరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకు ఒక్కతే కూతురు, అంకమ్మ. ఎనిమిదో తరగతి. ఈశ్వరమ్మ తెల్లవారి మడిలో దిగితే ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఉప్పునీళ్ళలోనే. కాళ్ళు చెట్టు బెరడులా పగిలిపోయాయి. అందుకని కూతుర్ని గట్టు మీదికి రానిచ్చేది కాదు. "పుస్తకం వదిలి ఇటు కాలు పెట్టావంటే చూడు" అనేది. ఆవిడకు చదువు రాదు. బడివాళ్ళు పంపే కాగితాల మీద సంతకం పెట్టాలని, తన పేరు నాలుగక్షరాలు మాత్రం కూతురి దగ్గర నేర్చుకుంది.

వాళ్ళింట్లో ఒక కట్టుబాటు ఉండేది. కింద రాలిన ఉప్పు తొక్కకూడదు. ఒక్క రాయి కూడా పారెయ్యకూడదు. "అన్నం పెట్టే తల్లిని నేలపాలు చేస్తామా?" అనేది ఈశ్వరమ్మ. ఈ మాట గుర్తుపెట్టుకో, దీంతో పనుంది.

అప్పుడు ఏమైందంటే, సైన్సు చెప్పే దయామణి టీచర్ పిల్లలందరికీ ఒక పని పెట్టింది. ఒక్కొక్కరు ఒక విషయం ఎంచుకోవాలి. చార్టు రాసి, పదిహేనో రోజున అందరి ముందూ ఐదు నిమిషాలు చెప్పాలి. బాగా చెప్పినవాళ్ళు మండలంలో జరిగే సైన్సు ప్రదర్శనకు వెళ్తారు.

"మూడు పనులు చెయ్యండి" అంది టీచర్. "చదవండి. చేసి చూడండి. తెలిసినవాళ్ళను అడగండి. ఎవరి దగ్గర తెలుసుకున్నారో చార్టు అడుగున రాయండి. రాయకపోతే దొంగతనమే."

అంకమ్మ బెంచీలో ఇంకాస్త కిందికి జారింది. ఎందుకో తెలుసా? పోయినేడు కూడా ఇలాగే నిలబెట్టారు. అప్పుడు ఆ పిల్ల పుస్తకంలోది బట్టీపట్టి వెళ్ళి, మొదటి మాట దగ్గరే మర్చిపోయింది. గంట కొట్టేదాకా చార్టు పట్టుకుని అలాగే నిలబడింది. అప్పట్నించీ శరత్ అనే పిల్లాడు అంకమ్మను "చార్టు స్టాండు" అని పిలిచేవాడు. ఈసారి నోరు పెగలకపోతే, ఆ పేరు బడి వదిలేదాకా వదలదు.

"నీదేంటి?" అని అడిగాడు శరత్. వాడిది అగ్నిపర్వతం.

"ఉప్పు" అంది అంకమ్మ.

"ఉప్పూ సైన్సేనా? మా అమ్మ రోజూ పప్పులో వేస్తుంది. ఆవిడా శాస్త్రవేత్తేనా?"

అంకమ్మ పుస్తకం తెరిచింది. టీచర్ చెప్పినట్టే ముందు చదివింది. పుస్తకంలో రెండే ముక్కలున్నాయి. సముద్రపు నీటిని వేడిచేస్తే నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. ఇంతే కదా, ఉప్పు చేసేవాళ్ళ పిల్లను, నాకు రాదా అనుకుంది.

ఆ తర్వాత చేసి చూసింది. సముద్రం నుంచి చెంబెడు నీళ్ళు తెచ్చి, గిన్నెలో పోసి, పొయ్యి మీద పెట్టింది. వాళ్ళమ్మ మాట గుర్తుంది కదా, ఒక్క చుక్క కూడా వృథా పోనివ్వలేదు. అడుగంటా కాచి, గిన్నె గీకి, ఉప్పు తీసింది. నాలిక మీద వేసుకుంటే ఏముంది? చేదు.

గిన్నె సరిగ్గా తోమలేదేమో అనుకుంది. బూడిదతో మూడుసార్లు తోమి మళ్ళీ కాచింది. మళ్ళీ చేదు.

నీళ్ళలో మట్టి ఉందేమో అనుకుంది. ఈసారి గుడ్డతో వడగట్టింది. పొయ్యి వద్దని పళ్ళెంలో పోసి ఎండలో పెట్టింది. నాలుగు రోజులు కాకుల్ని తోలుతూ కాపలా కాసింది. మూడోసారీ చేదే. పైగా ఆ ఉప్పు ఎంత ఎండబెట్టినా చెమ్మగానే ఉంది, వేళ్ళకు అంటుకుంటోంది.

ఉప్పుమళ్ళ ఈశ్వరమ్మ కూతురికి ఉప్పు చెయ్యడం రాలేదంటే ఎంత నామోషీ. అమ్మకు చెప్పలేదు. పోనీ పారేద్దామా అంటే ఉప్పు పారెయ్యకూడదు. అందుకని ఏం చేసిందో తెలుసా? మూడుసార్ల ఉప్పూ చిన్న సీసాలో దాచి, సీసాలో పట్టనిది మెల్లగా తీసుకెళ్ళి వంటింటి జాడీలో కలిపేసింది.

మధ్యాహ్నం ఈశ్వరమ్మ మడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పప్పన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టింది. పెట్టి, నమలడం ఆపేసింది. జాడీ దగ్గరికి వెళ్ళి చిటికెడు నాలిక మీద వేసుకుంది.

"ఇది మన మడి ఉప్పు కాదు. ఎవరు చేశారే?"

అంకమ్మ తలొంచుకుంది. మూడుసార్ల కథా చెప్పేసింది. నా మీద చెయ్యి చేసుకుంటుందేమో అనుకుంది పాపం. ఈశ్వరమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆఖరి చుక్కదాకా ఇగరగొట్టావా పిచ్చితల్లీ?"

"నువ్వే కదా ఏదీ పారెయ్యకూడదన్నావు."

"ఉప్పు పారెయ్యొద్దన్నాను గానీ, చేదు నీళ్ళు పారెయ్యొద్దన్నానా?"

అంకమ్మ ఆ మాట పట్టుకుంది. "చేదు నీళ్ళేంటమ్మా? పుస్తకంలో లేవే."

ఈశ్వరమ్మ నవ్వు ఆగిపోయింది. "మడి సంగతులు నీకెందుకులే. టీచరమ్మ అడిగింది చదువు గురించి. మాది చదువా?"

"తెలిసినవాళ్ళను అడగమంది. నీకన్నా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

ఈశ్వరమ్మ కూతురి మెత్తటి పాదాల వంక చూసింది. చివరికి అంది: "రేపొక్క పూటే. కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుని రా."

ఊఁ కొడుతున్నావా? కొట్టు.

మర్నాడు పొద్దున్నే అంకమ్మ మొదటిసారి మడిలో దిగింది. నీళ్ళ కింద ఉప్పు తెల్లగా మెరుస్తోంది. పైన ఇంకా నీళ్ళున్నాయి. ఈశ్వరమ్మ దోసిట్లోకి తీసుకుని, "వేళ్ళ మధ్య రుద్ది చూడు" అంది. రుద్దితే నూనెలా జారింది. "ఇప్పుడు నాలిక మీద." చేదు, అచ్చం అంకమ్మ సీసాలో చేదే.

"మంచి ఉప్పు ముందే గడ్డకట్టి అడుక్కి దిగుతుంది. చేదు పైనే నీళ్ళలో ఉండిపోతుంది. ఇది ఇగిరేదాకా కూర్చున్నామా, చేసిన ఉప్పంతా చెడుతుంది" అంటూ గట్టుకు గండి కొట్టింది. నీళ్ళు సుళ్ళు తిరుగుతూ కాలవలోకి పోయాయి.

అంకమ్మ పరుగున బడికి వెళ్ళి టీచర్ని అడిగింది. టీచర్ ఓ పాత లావు పుస్తకం తీసి చూపించింది. సముద్రపు నీళ్ళలో ఒక ఉప్పు కాదు, చాలా ఉప్పులున్నాయి. మనం తినేది ముందు గడ్డకడుతుంది. మెగ్నీషియం ఉప్పులు ఆఖరిదాకా నీళ్ళలోనే ఉంటాయి. చేదు వాటిదే, చెమ్మా వాటిదే. అంకమ్మ పుస్తకం వంక చూసి, "మా అమ్మ కూడా ఇదే చెప్పింది టీచర్" అంది. ఆ చెప్పడంలో దాని మెడ కాస్త నిటారుగా అయింది.

అప్పుడు పదిహేనో రోజు వచ్చింది. తల్లిదండ్రులనూ రమ్మన్నారు. ఈశ్వరమ్మ మడి నుంచి నేరుగా వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం పక్కనే నిలబడింది.

శరత్ అగ్నిపర్వతం బాగానే పొగలు కక్కింది. ఆ తర్వాత అంకమ్మ వంతు. లేచి వెళ్ళింది. చార్టు పట్టుకుంది. పోయినేడులాగే నిలబడింది. వెనక బెంచీలో ఎవరో "స్టాండు" అన్నారు.

రెండో చేతిలో ఇంటి నుంచి తెచ్చిన చేదు ఉప్పు సీసా ఉంది, దాని వంక చూసింది. బట్టీపట్టిన మాట అయితే మర్చిపోయేదే. ఇది తను చేసి చూసింది.

"నేను మూడుసార్లు ఉప్పు చేశాను" అంది. "మూడుసార్లూ చెడగొట్టాను."

అందరూ నవ్వారు. అంకమ్మ కూడా నవ్వింది. నవ్వాక మాట దానంతటదే వచ్చింది. గిన్నె సంగతి, గుడ్డ సంగతి, కాకుల సంగతి, జాడీ సంగతి, అన్నీ చెప్పింది. సీసా తీసి ఒక్కొక్కరి చేతిలో చిటికెడు వేసింది. శరత్ నాకి మొహం వంకర్లు తిప్పాడు. "ఇది సైన్సు" అంది అంకమ్మ. ఆ తర్వాత పొట్లంలో తెచ్చిన మడి ఉప్పు వేసింది. "ఇదీ సైన్సే."

అప్పుడు టీచర్ అడిగింది. "చేదు నీళ్ళు వదలాల్సిన వేళ అయిందని ఎలా తెలుస్తుంది?"

తెలిసినట్టు ఏదో ఒకటి చెప్పొచ్చు. అంకమ్మ చెప్పలేదు. "నేనొక్కసారే చూశాను టీచర్. నాకింకా పట్టుబడలేదు. మా అమ్మకు తెలుసు" అని గుమ్మం వైపు చూసింది.

అందరి తలలూ అటు తిరిగాయి. ఈశ్వరమ్మ పగిలిన పాదాలు చీర కుచ్చెళ్ళ కింద దాచుకుంది. మెల్లగా అంది: "వేళ్ళకు నూనెలా తగులుద్దమ్మా. తగిలినరోజే వదిలెయ్యాలి. ఒక్కరోజు ఆశపడ్డామా, కుప్పంతా చేదే."

టీచర్ ఆ మాట నల్లబల్ల మీద రాసింది. పిల్లలందరూ నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. మండలానికి అంకమ్మే వెళ్తోందని టీచర్ అప్పుడే చెప్పేసింది.

అందరూ వెళ్ళిపోయాక ఈశ్వరమ్మ గోడకు తగిలించిన చార్టు దగ్గరికి వెళ్ళింది. ఆ అక్షరాలన్నీ ఆవిడకు చీమల బారే. పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. అట్టడుగున, "ఎవరి దగ్గర తెలుసుకున్నాను" అన్నచోట, ఆవిడ వేలు ఆగింది.

నాలుగక్షరాలు. కూడబలుక్కుని పైకే చదివింది. "ఈ... శ్వ... ర... మ్మ."

"ఇది నేనేనా?"

"నువ్వేనమ్మా" అంది అంకమ్మ. "పుస్తకం పేరు నీ పేరు కింద రాశాను."

ఈశ్వరమ్మ ఆ రోజు ఇంటికి నడిచిన దారంతా, పాదాలు దాచుకోలేదు.

కథేమో కంచికి చేరింది,
చేదేమో కాలవకు జారింది,
మా చిట్టితల్లి కంట్లో నిద్దర ఊరింది.