ఘాటమ్మ గుర్తుపట్టలేని పిల్ల

ఒకప్పుడు ఆవకీ, అడవి ఆవకీ, అడవి ముల్లంగికీ వెంట్రుకవాసి తేడా కూడా ఉండేది కాదు. అదే ఆకు, అదే పువ్వు, అదే కాయ. తేనెటీగ కూడా తికమకపడి, ఇందాక తాగేసిన పువ్వు దగ్గరికే మళ్ళీ వచ్చి నాలుక కరుచుకునేది.

ఆ ముగ్గురూ అక్కచెల్లెళ్ళు: పెద్దది ఆవ, నడిపిది అడవి ఆవ, చిన్నది అడవి ముల్లంగి. వాళ్ళమ్మ పేరు ఘాటమ్మ. కొండవాలులో రాళ్ళ మధ్య ఉండేది. ఎవరైనా పొరపాటున ఆవిడ ఆకు కొరికితే ముక్కు అదిరి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆవిడ మాట కూడా అలాగే ఉండేది.

ఘాటమ్మకో పంతం ఉండేది. పిల్లలకి బట్టలంటూ తీస్తే ఒకే తానులోంచి తీయాలి. "ఒకదానికి పట్టు, ఇంకోదానికి పీలిక అయితే ఇంట్లో రోజూ కురుక్షేత్రమే," అనేది. సూర్యుణ్ణి అడిగి పసుపుపచ్చ తాను ఒకటి తెచ్చి, ముగ్గురికీ నాలుగేసి రేకుల గౌన్లు కుట్టించింది. ఆకులు కూడా ఒకే కత్తిరింపు.

పిల్లల్ని చూసుకుని తెగ మురిసిపోయేది. పిలవాల్సి వస్తే మాత్రం "పెద్దదానా... కాదు, నడిపిదానా... అబ్బ, చిన్నదానా" అని అన్ని పేర్లూ వల్లించేది. పిల్లలు నవ్వేవారు. ఆవిడా నవ్వేసేది.

ఆ వాలు మీదికి రోజూ ఒక మేకపోతు వచ్చేది. మొక్కలు లేచి పారిపోలేవు కదా. అందుకని ఘాటమ్మ దానితో ముందే ఒక మాట అనుకుంది.

"ఇదిగో అల్లుడూ, రోజుకి ఒక్కదాని ఆకే తినాలి. పిల్లలు వంతులు వేసుకుంటారు."

"అలాగే అత్తా," అంది మేకపోతు, గడ్డం ఊపుతూ.

ఆ రోజుల్లో తిన్న ఆకు తెల్లారేసరికి మళ్ళీ మొలిచేది. కానీ అలా మొలవాలంటే వేరులో దాచుకున్న బలమంతా ఊడ్చుకుపోయేది. మళ్ళీ వంతు వచ్చేలోగా ఆ బలం కూడదీసుకోవాలి. ఊపిరి తీసుకోనివ్వకుండా ఒక్కదాన్నే తింటూ పోతే ఆ మొక్క ఇక లేవదు.

ఇలా ఉండగా మంచు పడే రోజులొచ్చాయి. ఘాటమ్మ పెద్దదైపోయింది, ఎండ తగిలితే గానీ కళ్ళు తెరవలేకపోయేది. మేకపోతేమో చీకటితోనే దిగిపోయేది.

"ఇవాళ ఎవరి వంతు?" అని అడిగేది.

"నాది నిన్ననే అయిపోయింది బావా," అనేది పెద్దది. "నాది కూడా నిన్ననే," అనేది చిన్నది.

నడిపిది నోట్లో నాలుక లేని పిల్ల. అసలు నిన్న వంతు తనదే. ఆ మాట అనబోయేలోగానే మేకపోతు మూతి పెట్టేసేది. మంచులో ముగ్గురూ ఒకేలా ఉంటే పాపం దానికి మాత్రం ఏం తెలుస్తుంది?

ఒక పొద్దున మంచు తొందరగా విడిపోయింది. ఘాటమ్మ కళ్ళు తెరిచి పిల్లల వైపు చూసింది.

ఇద్దరు పచ్చగా ఉన్నారు. వాళ్ళ మధ్య ఒక బోడి కాడ వణుకుతోంది. ఆకు లేదు, పువ్వు లేదు. కొసన చీమతలంత చిగురు ఉందంతే.

"ఎవరే నువ్వు?" అంది ఘాటమ్మ.

"నేనమ్మా."

"నేనంటే ఎవరు?"

మేకపోతు తిన్నప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు ఆ పిల్లకి. అమ్మ అడగాల్సిన మాటా అది?

ఘాటమ్మకి కూడా ఆ మాట తన నోట్లోంచి వచ్చిందంటే నమ్మకం కలగలేదు. కన్నపిల్ల ఎదురుగా నిలబడితే గౌను లేకపోయేసరికి పోల్చుకోలేకపోయింది. పోల్చుకోవడానికి ఇంకే గుర్తూ ఆవిడ దగ్గర లేదు.

అంతలో మేకపోతు దిగింది. "అత్తా, లేచావా? ఇవాళ ఎవరి వంతు?"

"నాది నిన్ననే అయిపోయింది," అన్నారు పెద్దదీ చిన్నదీ అలవాటుగా, ఒకేసారి.

మేకపోతు నెమరు ఆపేసింది. "మొన్న కూడా ఇద్దరూ ఇదే అన్నారు. అటుమొన్న కూడా. మరైతే నేను తింటున్నది..." బోడి కాడ వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "అత్తా, నీ మీద ఒట్టు. రోజూ ఒక్కదాన్నే తింటున్నానని నాకు తెలీదు."

గాలి ఎటు వీచాలో తెలియక ఆగింది.

పెద్దది చెల్లెల్ని అప్పుడు చూసింది, తేరిపార. దాని కాయ నోరు అడుగు నుంచి రెండుగా తెరుచుకుంది. లోపలి గింజలు జలజలా రాలిపోయాయి. మూయబోతే మూతపడలేదు.

చిన్నదాని మొహం పాలిపోయింది. పసుపుపచ్చ గౌను తెల్లగా అయిపోయి, రేకుల్లోంచి నరాలు కూడా కనబడ్డాయి. ఏదో చెప్పబోయి గుటకలు మింగింది. గుటక గుటకకీ గొంతు నొక్కుకుపోయి, కాయ పూసలదండలా తయారైంది.

"నన్ను తిను బావా," అంది పెద్దది తెరిచిన నోటితోనే. "ఈ వారమంతా నాదే వంతు."

మేకపోతు తినలేదు. తల దించుకుని అవతలి వాలుకి వెళ్ళిపోయింది.

ఘాటమ్మ గొంతు మొదటిసారి మెత్తబడింది. "తప్పు నాదే తల్లీ. అందరికీ ఒకే బట్ట కట్టాను గానీ ఒక్కొక్కర్నీ చూసుకోలేదు. ఒక్క ఆకు వెయ్యి నాన్నా, చాలు."

నడిపిదానికి ఏడుపొచ్చింది. అమ్మ నడుము వాటేసుకోవాలనిపించింది. కానీ అమ్మ రాళ్ళకి అవతల ఉంది, అందదు. రోజంతా కష్టపడి ఒక ఆకు వేసింది. ఆ ఆకు అమ్మ అందక, తన కాడనే చుట్టూ కౌగిలించుకుని పట్టుకుంది. ఇక వదల్లేదు.

ఘాటమ్మ దాన్ని చూసింది. "నడిపిదానా," అంది. పేరు తడుముకోలేదు.

అప్పటినుంచే ఆవ కాయ ఎండితే రెండుగా విచ్చుకుని నోరు తెరుస్తుంది. అడవి ముల్లంగి కాయ పూసలు పూసలుగా తెగుతుంది గానీ నోరు విప్పదు, దాని పాలిపోయిన రేకుల్లో నరాలు కనబడతాయి. గౌను మాత్రం ముగ్గురికీ ఇప్పటికీ ఆ నాలుగు రేకులదే. అందుకని పువ్వును చూసి ఎవరెవరో తేల్చేయకండి. వంగి ఆకు మొదలు చూడండి. అది కాడని కౌగిలించుకుని ఉంటే, పేరు అడక్కండి. ఆ పిల్లని ఆ మాట ఒకసారి అడిగారు.