బుట్ట వెనక తాబేలు

నల్లకొండ అడవిలో సరుకంతా గాలిలోనే వెళ్లేది. నాలుగు కొంగలు పెద్ద వెదురుబుట్టను మోసేవి. ముందు కూర్చుని దారి చెప్పే దర్జా ఉద్యోగం నక్కది. వెనక కొసన తాబేలును కట్టేవారు. బుట్ట దేనికైనా గుద్దుకుంటే ముందుభాగమే నుజ్జవుతుంది కాబట్టి, దారిలో అనుకున్న మాటలు గుర్తుపెట్టుకునేవాడు వెనకే ఉండాలని ఏనుగు పెద్దాయన ఏర్పాటు.

అయితే తాబేలు బుర్రలో ఒక పూట మాటలే పడతాయి. కొత్తవి చేరేకొద్దీ పాతవి జారిపోతాయి. ఈ సంగతి నక్కకు బాగా తెలుసు.

ఒక పొద్దున మంచులో బుట్ట కొండను గుద్దుకుంది. నక్క పొదలోకి దూకి బతికింది. పెద్దకొంగకు రెక్క విరిగింది. తాబేలు కట్టు తెగి, బండల మీద దొర్లుకుంటూ పోయి మడుగులో పడింది.

తప్పు నక్కదే. బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. 'కొంగలు ఎన్ని చెప్పినా వాటి మాట వాటిది, నా మాట నాది. మధ్యన విన్నది తాబేలొక్కడే' అనుకుని, దాన్ని మడుగులోంచి లాగి ఒడ్డున పెట్టి కబుర్లు మొదలెట్టింది.

"మామా, మా అత్తగారి ఊళ్లో ఈసారి పుచ్చకాయలు విరగకాశాయి, చెప్పానా?"

పుచ్చకాయల నుంచి కూతురి పెళ్లికి, పెళ్లి నుంచి వియ్యపురాలి పిసినారితనానికి వచ్చింది. గొంతు బొంగురుపోయింది. తాబేలు ఊఁ కూడా కొట్టలేదు. ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని నక్క మురిసిపోయింది.

సాయంత్రానికి ఏనుగు వచ్చింది. "ఏం జరిగింది?"

"కొంగ కొండను చూసుకోలేదు పెద్దాయనా. పైకి పద, పైకి పద అంటూనే ఉన్నాను. కావాలంటే మామనే అడగండి."

ఏనుగు తొండంతో డిప్పమీద తట్టింది. అప్పుడు తాబేలు తల బయటపెట్టింది.

"పెద్దకొంగేమో, 'బావా, ఎదురుగా కొండ, పైకి పోదాం' అంది. నక్కేమో, 'అక్కడ నా భోజనం చల్లారిపోతోంది, నోరు మూసుకుని తిన్నగా పద' అంది. తర్వాత పెద్ద చప్పుడు. అంతే."

"మరి పెళ్లి?" అంది నక్క, ఉన్న కాస్త గొంతుతో.

"ఏ పెళ్లి? దెబ్బ తగలగానే తల లోపలికి లాక్కున్నాను. ఆ తర్వాత ఒక్క ముక్క వినలేదు."

రెక్క విరిగిన కొంగకు దారి చెప్పే ఉద్యోగం దొరికింది. నక్క ఇప్పుడు కొండ మీదికి నడిచే వెళ్తోంది.

తప్పును కబుర్లతో కడిగేయాలని చూస్తే గొంతు పోతుంది గాని తప్పు పోదు.