పాత చీవరం కొలత

ఉత్పలకి మర్నాడే మొదటి తీర్పు. అందుకే గొంతు అప్పుడే పెద్దదైపోయింది.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ భిక్షుణీ విహారానికి లంక ఊళ్ళవాళ్ళు తగవులు తెచ్చుకునేవారు. తీర్పు చెప్పేది పెద్దావిడ, థేరి సంఘదేవి. ఈసారి మాత్రం “నువ్వు చెప్పు” అని శిష్యురాలు ఉత్పలకి వదిలేసింది.

తగవు ఇది. వరదలో బోడన అనే రైతు, చందయ అనే అతని పడవని అడక్కుండా విప్పుకుపోయాడు. ఇంటి కప్పు మీద చిక్కుకున్న ముసలివాళ్ళని ఒడ్డుకి చేర్చాడు. పడవ రాతికి కొట్టుకుని పగిలిపోయింది. చందయ కొత్త పడవ ఇమ్మంటున్నాడు. ఇవ్వాలంటే బోడన ఎడ్లు అమ్ముకోవాలి. ఎడ్లు పోతే ఇక దున్నేదేముంది?

“ఇందులో ఆలోచించడానికేముందమ్మా?” అంది ఉత్పల. “వెనకటికి ఒకడు తిరనాళ్ళకని పడవ ఎత్తుకుపోయి ముంచేస్తే, మీ గురువుగారు కొత్త పడవ ఇప్పించారు. అడక్కుండా తీసుకున్నవాడు పడవ ఇవ్వాలి. ఒక్క వాక్యం. అంతే!”

“అంతేనా?”

“ఓడ వర్తకులు చెప్పారు. ఒక దేశంలో చట్టమంతా ఒకే గ్రంథంగా రాసిపెట్టారట. న్యాయాధికారి తెరిచి చదవడమే. ఇంకో దేశంలో అలాంటి గ్రంథం లేదట. పాత తీర్పులు తవ్వుకుంటూ కొత్తవి చెబుతారట, మనలాగే. మనమూ ఒకటి రాసేసుకుంటే ఈ తవ్వకం ఉండదు కదా!”

థేరి కళ్ళు మెరిశాయి. “బావుందే! ఆ గ్రంథం రాసినవాళ్ళు దేన్ని చూసి రాశారట?”

“అది... అడగలేదు.”

“అయ్యో, అడగాల్సింది.”

ఆవిడ లోపలికెళ్ళి కొత్త కాషాయ గుడ్డ, తను కట్టుకునే పాత చీవరం తెచ్చి ఉత్పల ఒళ్ళో పెట్టింది. “రేపు వాళ్ళొచ్చేలోగా ఇది కుట్టిపెట్టు. కొలతకి పాతది ఉంది.”

విహారంలో నిండు గుడ్డ కట్టరు. కోసి, వరి మడుల్లా ముక్కలు కలిపి కుట్టుకుంటారు. ఉత్పల పాతదాన్ని పరిచి కుట్టుకి కుట్టు దించేసింది. తేడా వచ్చిందని ఎవరూ అనకూడదు మరి!

మర్నాడు థేరి కొత్త చీవరాన్ని వెలుతురులో పట్టుకుని చూసింది. “భుజం దగ్గర రెండు పొరలు వేశావే?”

“పాతదానికి అక్కడ అతుకుంది. భిక్షాపాత్ర సంచి వేలాడేది అక్కడే కదా, ఒరిసి చిరుగుతుంది.”

“మంచి పని చేశావు. మరి ఈ అంచున?”

“అక్కడా అతుకుంది.”

“అక్కడ ఒకసారి దీపం రవ్వ పడింది, పిల్లా.” థేరి నవ్వు ఆపుకోలేకపోయింది. “దీని మీద ఇంకా పడలేదే!”

ఉత్పల చీవరం తీసుకుని, అంచున ఉన్న అతుకు విప్పేసింది. భుజం మీది రెండో పొరని అలాగే ఉంచింది.

బయట చందయ అప్పటికే అరుస్తున్నాడు. “తీసుకున్నాడా లేదా? వెనకటి తీర్పు ఉందా లేదా?”

“ఉంది చందయా, కూర్చో. అది తిరనాళ్ళకి పోయినవాడి మీద.” ఉత్పల వచ్చి కూర్చుని బోడన వైపు తిరిగింది.

“ముందు వరద సంగతి చెప్పు. నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?”