తాయారమ్మ పడగొట్టిన గోడ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో తాయారమ్మ అని ఒక వడ్రంగిపిట్ట ఉండేది. మనసు వెన్న, నోరు మాత్రం ఆగదు. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆవిడే వెళ్లాలి. నవ్వకండి, మీ అమ్మ కూడా కాస్త ఆ బాపతే.

ఒక ఎండాకాలం ఎక్కడో దూరాన కొండలు తగలబడ్డాయి. అక్కడి పక్షులు కొన్ని ఈ అడవికి వలస వచ్చాయి. "కొత్తవాళ్ల బాగోగులు ఎవరు చూస్తారు?" అని ఏనుగు తాత సభలో అడిగాడు. ఆయన మాట పూర్తికాకముందే తాయారమ్మ "నేనున్నాగా" అంది.

వచ్చినవాళ్లలో సింగన్న, కొండమ్మ అనే ఆలుమగలు ఉన్నారు. ముక్కు మీద కొమ్ములాంటి బుడిపె ఉన్న పెద్ద పక్షులు. మద్దిచెట్టు తొర్రలో కాపురం పెట్టారు. పది రోజులకి తాయారమ్మ చూడబోయింది. చూస్తే ఏముంది, తొర్రకి అడ్డంగా మట్టి గోడ. గోడలో సన్నని చీలిక. చీలికలోంచి కొండమ్మ ముక్కు కొస ఒక్కటే కనబడుతోంది.

మొగుడే పెళ్లాన్ని లోపల పెట్టి గోడ కట్టేశాడనుకుంది తాయారమ్మ.

"అక్కా, ఇది..." అని కొండమ్మ ఏదో చెప్పబోయింది.

"నువ్వేం చెప్పక్కర్లేదు తల్లీ, నాకు తెలుసు" అంది తాయారమ్మ. తెచ్చిన చెదపురుగులు చీలికలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. కొండమ్మ వాళ్లు మేడిపళ్లు తినేవాళ్లు. ఆ పురుగుల్ని ఏం చేయాలో ఆమెకి తోచలేదు.

రెండోసారి వెళ్లేసరికి సింగన్న ఎదురుపడ్డాడు. "ఏమయ్యా, ఇదేం పద్ధతి?" అని తాయారమ్మ నిలదీసింది. సింగన్న బదులు చెప్పలేదు. పెళ్లాం కోసం తెస్తున్న మేడిపళ్లు అతని గొంతు నిండా ఉన్నాయి. పాపం, నోరు తెరిస్తే అన్నీ నేలపాలవుతాయి. తాయారమ్మ అది పొగరనుకుంది.

"అక్కా, ఒక్క మాట" అంది కొండమ్మ లోపల్నుంచి.

"భయపడకు. అతని ముందు నువ్వేం మాట్లాడకు" అని తాయారమ్మ ధైర్యం చెప్పి మరీ వచ్చింది.

మూడోసారి సింగన్న లేని వేళ చూసుకుని వెళ్లింది. "వద్దక్కా, ఆగు" అని కొండమ్మ బతిమాలుతూనే ఉంది. "మొదట్లో అందరూ అలాగే అంటారు" అంటూ తాయారమ్మ టకటకా పొడిచి గోడంతా పడగొట్టింది.

లోపల కొండమ్మ రెక్కల ఈకలు రాలిపోయి బోసిగా ఉంది. ఆమె కింద రెండు గుడ్లు ఉన్నాయి.

"పద తల్లీ, ఎగిరిపోదాం" అంది తాయారమ్మ.

"దేంతో ఎగరను?" అంది కొండమ్మ. "ఈ గోడ కట్టుకుంది నేనే. ఆయన మట్టి తెచ్చిచ్చాడు. గుడ్లు పెట్టే వేళకి మా ఆడవాళ్లం ఇలాగే తలుపు మూసుకుంటాం. పాత ఈకలు పోయి కొత్తవి వచ్చేదాకా మొగుళ్లే తిండి తెచ్చి పెడతారు. మా అమ్మా అంతే, అమ్మమ్మా అంతే. ఈ కొత్త చోటు నాకు ఇల్లనిపించింది ఈ గోడ కట్టుకున్నాకే. దాన్ని కూడా లేకుండా చేశావు."

తాయారమ్మ తొర్ర అంచున మిగిలిన మట్టిపెళ్లని మళ్లీ అతికించబోయింది. అది కూడా ఊడిపడింది.

అంతలో కింద గరగరమని చప్పుడైంది. గుడ్ల వాసన పట్టిన ఉడుము చెట్టెక్కుతోంది. కొండమ్మ ఎగరలేదు, గుడ్లు వదల్లేదు. తాయారమ్మ వెళ్లి తొర్రకి అడ్డంగా అతుక్కుపోయింది. ఉడుము ఆవిడ తోక పట్టి లాగింది. తోక ఈకలన్నీ దాని నోట్లోకి పోయాయి. అయినా ఆవిడ కదల్లేదు. సింగన్న వచ్చి పెద్ద ముక్కుతో ఒక్కటిచ్చాక గానీ ఉడుము దిగిపోలేదు.

"చూశావా నా తెలివి?" అంది తాయారమ్మ వగరుస్తూ. "చిల్లులు పెట్టడం తప్ప పూడ్చడం రాదు నాకు. పైగా అందరి బాగోగులూ చూస్తానట. గోడ ఎలా కట్టాలి కొండమ్మా? నువ్వు చెప్పు, నేను చేస్తాను."

ఆవిడ కొండమ్మని అడిగిన మొదటి ప్రశ్న అదే. మట్టిలో మేడిపండు గుజ్జు కలపాలని కొండమ్మ చెప్పింది. చెట్టుకి ఆనుకోవడానికి తోక లేని తాయారమ్మ రెండుసార్లు చెట్టు మీంచి జారింది, మూడోసారి మట్టి చేర్చింది. పొద్దు వాలేసరికి గోడ లేచింది.

"నీకింకేమైనా కావాలా?" అని చీలిక దగ్గర అడిగి, తాయారమ్మ ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఉడుముతో పోరాడినదానికన్నా కష్టమైంది.

చాలాసేపటికి కొండమ్మ పలికింది. "కావాలక్కా. కాలిపోయిన మా కొండల గురించి చెప్పుకోవడానికి ఇక్కడ నాకెవరూ లేరు. రోజూ వచ్చి కాసేపు కూర్చో. నేను మాట్లాడతాను, నువ్వు విను."

"సరిగ్గా నాకు చేతకాని పనే అడిగావు" అంది తాయారమ్మ. అని, కొమ్మ మీద కుదురుగా కూర్చుంది.

నీతి: సాయం చేయబోయే ముందు ఏం కావాలో వాళ్లనే అడగాలి. అడిగాక మన నోరు మూసుకోవాలి.