దోసెడు మొదలు

కొండ దిగువన, వాగు పక్క చదునులో వారానికోసారి జంతువుల సంత జరిగేది. అక్కడ ఎండిన ఇప్పపూలే చలామణి. అమ్మేవాళ్లు పొద్దున్నే గోరింకకు తమ సరుకూ ధరా చెప్పిపోయేవాళ్లు. అది బండరాయెక్కి, తక్కువ ధరది ముందు, ఎక్కువ ధరది చివర వచ్చేలా వరసగా కేకేసేది. ఎండ మాడ్చేస్తుంటే చివరిదాకా వినే ఓపిక ఎవరికుంటుంది? మొదటి కేక చెవిన పడగానే అందరూ అటే పరుగు.

ఆ వారం మైల అనే ముసలి ఎద్దు మూటతో సంతకొచ్చింది. దానికి గంట కావాలి.

మైలా, బొల్లీ ఒకే కాడి కింద పెరిగిన ఎడ్లు. రైతు ట్రాక్టరు కొన్నాక రెంటినీ అడవి అంచున వదిలేశాడు. అడవిలోనూ పక్కపక్కనే మేసేవి. బొల్లి ఎక్కడుందో మైల తలెత్తి చూసే పనే ఉండేది కాదు, దాని మెడలోని కంచు గంట చెప్పేది. అంచు చిట్లిన గంట అది. ఖంగుమనేది కాదు, 'టొంక్' అని బొంగురుగా మోగేది. పోయిన వానాకాలం వాగు దాటబోయి బొల్లి వరదలో కొట్టుకుపోయింది. అప్పటినుంచి మైల గడ్డి నములుతూ నములుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. పిట్టలు అరుస్తుంటాయి, ఆకులు గలగలమంటుంటాయి. కావలసిన చప్పుడు మాత్రం రాదు. ఏదో ఒక గంట మెడలో ఉంటే కొంచెం ఊరటగా ఉంటుందని వేసవంతా ఇప్పపూలు ఏరి మూట కట్టుకుంది.

"గంట, మెడపట్టెడ, కట్టుతాడు! నక్క దగ్గర! దోసెడు మొదలు!" అని గోరింక మొట్టమొదటి కేకేసింది.

మైల ఇక ఆగలేదు, నేరుగా నక్క అంగడికి నడిచింది.

"రా మావా, రా! నీకోసమే తళతళలాడేలా తోమి పెట్టా," అంది నక్క. ఒకే కొక్కేనికి గంటా పట్టెడా తాడూ వేలాడుతున్నాయి.

మైల దోసెడు పూలు పోసింది. నక్క వాటిని లోపలికి లాక్కుని, తాడు విప్పి మైల ముందు పడేసింది.

"ఇదేంటల్లుడూ?"

"కట్టుతాడు. దోసెడు దీనికే. పట్టెడకు అరమూట, గంటకు రెండు మూటలు."

"గోరింక గంటని చెప్పిందిగా!"

"గంట అంది, పట్టెడ అంది, తాడూ అంది. దోసెడు 'మొదలు' అంది. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు మావా."

మైల చాలాసేపు ఆలోచించింది. అబద్ధం దొరకలేదు. మోసం మాత్రం తెలుస్తూనే ఉంది. "నా దగ్గరున్నది ఈ మూటే. దీనికే ఇవ్వరాదూ?" అని బతిమాలింది.

"మూట ఇక్కడ పెట్టు. మిగతాదానికి వానలు పడేదాకా నా బండి లాగు," అంది నక్క.

సరేననబోయి మైల చెవులు నిక్కించింది. సంత ఆ చివరి నుంచి సన్నగా వచ్చిందా చప్పుడు.

టొంక్.

నక్క ఏదో అంటూనే ఉంది. మైల మూట నోట కరుచుకుని పరుగెత్తింది. కుండలు దొర్లాయి, కుందేళ్లు తిట్టాయి. చివరి అంగట్లో ముళ్లపంది అవ్వ ఖాళీ గోనె దులుపుకుంటోంది.

"అవ్వా! ఇక్కడ గంట మోగింది, ఏదీ?"

"వాగు తగ్గాక ఇసుకలో దొరికింది నాయనా. ఉన్నది ఒకటే గంట, మూటెడు అని ఒకటే ధర చెప్పా. గోరింక నన్ను అందరికన్నా చివర పిలిచింది. పొద్దుటినుంచి ఒక్కరూ రాలేదు. ఇప్పుడే ఓ ముసలి గొర్రె కొనుక్కుని వాగు దాటింది."

మైల తన మూట వైపు చూసుకుంది. పొద్దున్న అది నిండు మూటే.

వాగుకవతల గొర్రెల మంద నడుస్తోంది. ముందున్న పొట్టేలు మెడలో బొల్లి గంట. మైల నీళ్లలో దిగి రొప్పుతూ ఒడ్డెక్కింది. "ఆ గంట..." అని ఆగింది.

"బాగుంది కదన్నా?" అంది ముసలి గొర్రె, మైల ఉన్న వైపు కాకుండా ఇంకోవైపు తిరిగి. "నాకు చూపు పోయింది. పోయిన వారం దారి తప్పి లోయ అంచుదాకా వెళ్లా. ఇక ఈ చప్పుడు పట్టుకుని మందతో నడుస్తాను. నువ్వేదో అనబోయావు?"

మైల గంట వైపోసారి చూసి తల తిప్పుకుంది. "ఏం లేదు చెల్లీ. కొండ మలుపుదాకా మీ వెంట వస్తాను, అంతే."

"రా, దానికేం!"

పొట్టేలు ముందు, గొర్రె వెనక, మైల పక్కన. మైల కళ్లు మూసుకుంది. టొంక్, టొంక్. కాళ్లు పాత లయలో పడ్డాయి. ఎడమ భుజం దానంతటదే కాస్త పక్కకు జరిగింది, అక్కడింకో భుజం ఉన్నట్టు. మలుపు దగ్గర రాళ్ల దారి మొదలైంది. ముసలి గిట్టలకు అది ఎక్కలేని దారి. మంద పైకి వెళ్లిపోయింది. చప్పుడు సన్నబడింది, ఇంకా సన్నబడింది. అది ఆగాక కూడా మైల చాలాసేపు అక్కడే నిలబడింది.

మరుసటి సంతలో గోరింక కేకేసింది: "చాప, గొంగడి, దారం! నక్క దగ్గర! దోసెడు మొదలు!"

గొంగడి కోసం చూస్తున్న ఉడుత దంపతులు అటు ఉరకబోయాయి. మైల దారికడ్డంగా నిలబడింది.

"గోరింకమ్మా, దోసెడు దేనికి?"

"నాకు చెప్పింది నేను చెప్పా," అంది గోరింక.

"దేనికో అడిగి చెప్పు తల్లీ. అందాకా మేమంతా ఇక్కడే ఉంటాం."

ఉరకబోయినవాళ్లంతా ఆగారు. గోరింక నక్క వైపు తిరిగింది. నక్క గొంతు సవరించుకుని, నేల చూస్తూ "దారానికి," అంది. అప్పుడు గోరింక ఒక్కోదాని ధరా అడిగి, దారాన్ని ముందు, గొంగడిని చిట్టచివర కేకేసింది. సాయంత్రం దాకా నక్క అంగడికి ఎవరూ రాలేదు. నిండు బండిని అదే ఈడ్చుకుంటూ ఇంటికి పోయింది.

ఉడుతలు దండం పెట్టబోతే మైల అక్కడ లేదు. కొండ మలుపు దగ్గర, మంద వెళ్లిన వైపునుంచి గాలి వీచే చోట నిలబడి ఉంది.

నీతి: తక్కువ ధర వినగానే పరుగెత్తకుండా, అది దేని ధరో ముందు అడగాలి.