పేరిందేవి రుబ్బిన గోరింటాకు

అనగా అనగా, రాజులు ఏనుగులెక్కి, రాణులు పల్లకీలెక్కి, మనలాంటివాళ్ళు కాళ్ళరిగేలా నడిచి తిరిగిన రోజుల్లో, మేఘవరం అనే ఊళ్ళో పేరిందేవి, తాయారు అని ఇద్దరు నేస్తాలుండేవారు. ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు పెరిగారు.

ఆ ఏడు తాయారుకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు రాజుగారి గుర్రాలకు వైద్యం చేస్తాడు. మంచివాడు. నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందట. ఆ సొట్ట సంగతి విన్నప్పటి నుంచీ పేరిందేవికి కంటి మీద కునుకు లేదు.

"నాకంటే నాలుగు నెలలు చిన్నది. చారు కాయడం కూడా సరిగ్గా రాదు. దానికా పెళ్ళి? నాకేం తక్కువ?" అని లోలోపల ఉడికిపోయింది. పైకి మాత్రం "నాకెంత సంతోషంగా ఉందో!" అని పళ్ళికిలించింది. ఆ నవ్వు నవ్వడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలియాలి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పెళ్ళికి ముందు పెళ్ళికూతుర్ని ఆమె నేస్తం ఇంటికి పిలవాలి. కడుపునిండా పెట్టి, చేతులకు గోరింటాకు పెట్టి పంపాలి. మర్నాడు మగపెళ్ళివారి ఆడవాళ్ళు వచ్చి ఆ అరచేతులు చూస్తారు. ఎర్రగా పండితే సరే సరి. పండకపోయిందా, "ఈ సంబంధం అచ్చిరాదు" అని లేచి వెళ్ళిపోయినా వెళ్ళిపోతారు.

"ఏమే, తాయారును ఎప్పుడు పిలుస్తావే?" అని నాయనమ్మ అడిగింది.

"పిలుస్తాలే. ఉన్నంతలో పెడతాలే" అంది పేరిందేవి మూతి తిప్పుకుంటూ.

ఉన్నంతలో పెట్టడం మంచి మాటే. కానీ ఆ పిల్ల మనసులో ఉన్నది వేరు. చవగ్గా, చప్పగా తేల్చేసి, తాయారు మొహం చిన్నబోతే కళ్ళారా చూడాలని ఆమె కోరిక.

అందుకని నట్టింట్లో పీటలు వెయ్యలేదు. వెనక పెరట్లో గుమ్మడిపాదు పక్కన పాత చాప పరిచింది. పందిరి లేదు, తోరణం లేదు. కోళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. "కూర్చో మహారాణీ, కోళ్ళ మధ్య కూర్చో" అని తనలో తను అనుకుంది.

తాయారు నలుగురు అమ్మలక్కలను వెంటబెట్టుకుని వచ్చింది. పెరడు చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒసేయ్! మనం బొమ్మల పెళ్ళి చేసింది ఇక్కడే కదే! పెళ్ళికొడుకును కోడి ఎత్తుకుపోయింది, గుర్తుందా?" అంటూ చాప మీద చతికిలబడి పగలబడి నవ్వింది. అమ్మలక్కలూ నవ్వారు. పేరిందేవికి ఒళ్ళు మండింది.

సరే, తిండి దగ్గర చూద్దాం అనుకుంది. మిగతా ఇళ్ళల్లో తాయారుకు బూరెలు పెట్టారు, బొబ్బట్లు పెట్టారు, పాయసం పోశారు. పేరిందేవి మట్టి మూకుళ్ళలో పేలాలు పోసింది. ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు పెట్టింది. పలచటి మజ్జిగ పోసింది. అంతే!

తాయారు ఒక ముక్క కొరికి కళ్ళు మూసుకుంది.

"హమ్మయ్య! పది రోజులుగా ఇంటింటా తీపేనే తల్లీ. బూరె కనబడితే పారిపోవాలనిపిస్తోంది. నా నోటికి ఏం కావాలో నీకొక్కదానికే తెలుసు" అంటూ మూకుడు ఖాళీ చేసి మళ్ళీ చెయ్యి చాచింది.

నిజమే, తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ ఎలా మర్చిపోయానా అని పేరిందేవి కుళ్ళి కుళ్ళి చచ్చింది. ఏం చేసినా దీనికే కలిసొస్తోంది! పెళ్ళీ దీనికే, నవ్వూ దీనికే, చివరికి నా పెరడు కూడా దీనికేనా?

అసూయ ఊరికే కూర్చోదు పిల్లలూ, ఏదో ఒక పని కల్పించుకుంటుంది.

ఆ పెరట్లో గోరింట చెట్టూ ఉంది, దాని పక్కనే మునగచెట్టూ ఉంది. అందరూ కబుర్లలో ఉండగా పేరిందేవి బుట్ట నిండా మునగాకు దూసింది. ఇంత చింతపండు వేసి రోట్లో మెత్తగా రుబ్బింది. రోటి పక్కన అందరికీ కనబడేలా రెండు గోరింట రెమ్మలు పడేసింది. పచ్చటి ముద్ద పచ్చగానే ఉంది, ఎవరికి తెలుస్తుంది? రేపు ఆ అరచేతులు తెల్లగా ఉంటాయి. మగపెళ్ళివారు మొహాలు చూసుకుంటారు. అప్పుడు నవ్వుతుందేమో చూద్దాం!

గిన్నె తెచ్చి తాయారు ముందు కూర్చుంది. "ఏదీ, చెయ్యి ఇలా పట్టు."

తాయారు చెయ్యి పట్టబోయి ఆగింది. పేరిందేవి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. గోరింటాకు రుబ్బిన చెయ్యి ఎవరికైనా ముందే ఎర్రబడుతుంది. ఈ పిల్ల అరచేతులు మాత్రం తెల్లగా మెరిసిపోతున్నాయి.

పేరిందేవి చేతులు వెనక్కి లాక్కోబోయింది. ఎన్ని ఎత్తులు వేసింది! సొంత చేతుల సంగతే మర్చిపోయింది.

తాయారు మునగచెట్టు వైపు చూసింది. దూసి పారేసినట్టున్న బోసి కొమ్మలు చూసింది. ఒక్క మాట అంటే చాలు, ఊళ్ళో పేరిందేవి పరువు గంగపాలు. కానీ ఆ పిల్ల ఆ మాట అనలేదు.

"ఈ ఆకు పండేట్టు లేదు. పదవే, ఇద్దరం కలిసి మళ్ళీ కోసుకొద్దాం" అని లేచింది.

గోరింట చెట్టు చాటుకు వెళ్ళాక మెల్లగా అడిగింది. "నా మీద కోపమా?"

"కోపం కాదు, ఏడుపు!" అని పేరిందేవి భోరుమంది. "నీకు కుదిరింది, నాకు కుదరలేదు. ఓర్వలేకపోయానే. రేపు నువ్వెళ్ళిపోతే ఈ పెరట్లో నేనొక్కదాన్నే."

తాయారు కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. "పిచ్చిదానా, నిన్ను చూసి నేనెంత ఏడుస్తున్నానో తెలుసా? నువ్వు మీ నాయనమ్మ చేతి ముద్ద తింటూ హాయిగా ఇక్కడే ఉంటావు. నేనేమో ముక్కూమొహం ఎరగని వాళ్ళ ఇంటికి పోతున్నాను. అక్కడ మామిడి ముక్కలకు ఎంత కారం అద్దాలో ఎవరికి తెలుసు?"

పేరిందేవి కొంగుతో ముక్కు తుడుచుకుని, గబగబా లేత గోరింటాకు దూయడం మొదలుపెట్టింది. తాయారును రోలు ముట్టుకోనివ్వలేదు. "నేనే రుబ్బాలి, నువ్వు పక్కకు జరుగు" అని కసిరింది. వెన్నలా మెత్తగా రుబ్బి, ఒక్కో వేలికీ ఒద్దికగా పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మగపెళ్ళివారి పెద్దావిడ, పెళ్ళికొడుకు తల్లి, వచ్చింది. తాయారు అరచేతులు చూసి, "ఆహా, ఎంత బాగా పండిందమ్మా!" అని మురిసిపోయింది. ఆ పక్కనే నిలబడ్డ పేరిందేవి చేతులు చూసి బుగ్గన వేలేసుకుంది. మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయవి.

"ఇదేమిటమ్మా, పెళ్ళికూతురికంటే నీ చేతులే ఎక్కువ పండాయి?"

"రుబ్బింది అదేనండీ" అంది తాయారు. పేరిందేవి తలొంచుకుని నవ్వింది. ఈసారి ఆ నవ్వుకు ఏ కష్టమూ పడలేదు.

ఆ పెద్దావిడకు ఇంకో కొడుకున్నాడా అని మీరడుగుతారు. నాకు తెలియదు, నేను అడగలేదు. నాకు తెలిసిందల్లా ఇదే: పక్కవాళ్ళ చెయ్యి పండాలని మనస్ఫూర్తిగా రుబ్బినవాళ్ళ చెయ్యే అందరికంటే ముందు పండుతుంది.