గీత లేని అతుకు

పానకాలయ్యగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళను ఏదో ఒక పని మీద పంపేవారు.

హైమావతి ఆయన దగ్గర చాలా కాలంగా వేదాంతం వింటోంది. నిరుడు వానల్లో ఆమె స్కూటరు బజారు మలుపు దగ్గర సిమెంటు రోడ్డు గుంటలో పడింది. వెనక కూర్చున్న అక్క కొడుకు అక్కడే పోయాడు. ఆనాటి నుంచి అక్క శేషారత్నం ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు, ఏమనుకుందో, ఆదివారం వస్తానని కబురు పెట్టింది. హైమావతి ఇంట్లో పిల్లవాడి ఫొటోలన్నీ తీసి దాచేసింది. ఆ ఊసు వస్తే అక్క మళ్ళీ గడప తొక్కదని ఆమె భయం.

"జరిగింది మరిచిపోతేనే కదండీ, మళ్ళీ ఒకటయ్యేది?" అని గురువుగారిని అడిగింది.

మలుపులో గుంట పూడుస్తున్నారనీ, పని అయ్యేదాకా ఉండి చూసి రమ్మనీ ఆయన చెప్పారు. ప్రమాదం జరిగాక ఆమె ఆ వైపు పోలేదు. అయినా వెళ్ళింది.

మేస్త్రీ నూకరాజు పని శ్రద్ధగానే చేయించాడు. గుంట అంచులు చదరంగా కోయించి, తడిపించి, కాంక్రీటు పోయించి, పైన తడి గోనెపట్టాలు కప్పించాడు. గట్టిపడ్డాక పట్టాలు జరిపించి కోతమిషను తెప్పించాడు. పాత రోడ్డు పలకల మధ్య వదిలిన సందు, ఈ కొత్త అతుకుకు రెండు పక్కలా అంచుదాకా వచ్చి ఆగిపోయింది. దానికి సూటిగా అతుకు మీదా ఒక గీత కోయాలన్నాడు. హైమావతి అడ్డుపడింది. అక్కడ ఏ గుర్తూ ఉండకూడదని బతిమాలింది. ఆమె ఎవరో అతనికి తెలుసు.

"మీరు వద్దంటే మేం మానేస్తాం తల్లీ, రోడ్డు మానదు. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. మనం చోటు చూపించకపోతే దానికి తోచిన చోట పగులుతుంది" అని మిషను ఆపించి, పట్టాలు మళ్ళీ కప్పించాడు.

మర్నాడు పొద్దున్నే గురువుగారు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళారు. గోనెపట్టా ఇంకా తడిగానే ఉంది. ఎత్తి చూస్తే, నున్నటి అతుకు ఈ పక్క సందు నుంచి ఆ పక్క సందు దాకా వంకరటింకరగా పగిలి ఉంది. నూకరాజు పగలగొట్టి మళ్ళీ పోయాలని కూలీలకు చెప్పి, తనే గునపం అందుకున్నాడు.

హైమావతి రోడ్డు పక్కన చతికిలబడింది. ఆమె లేచేదాకా గురువుగారు ఆగారు.

"ఆదివారం మీ అక్క వస్తుంది. ఆ పిల్లవాడి పేరేమిటో నువ్వు నాకు కూడా ఇంతవరకు చెప్పలేదమ్మా" అన్నారు.